షుగర్, మోకాళ్ల నొప్పి ఉన్నా రోజుకు పదివేల అడుగులు నడవాలా?

ప్రశ్న: నా వయసు 63. చెన్నై మైలాపూర్‌లో ఉంటున్నాం. ఎనిమిదేళ్లుగా షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను, మోకాళ్లు కొద్దిగా నొప్పిగా ఉంటాయి. మా అబ్బాయి కొనిచ్చిన వాచీ రోజుకు 2,500 అడుగులకు మించి చూపడం లేదు. పదివేలు నడిచి తీరాలంటున్నాడు. ఈ వయసులో అది నావల్ల అవుతుందా?

జవాబు: పదివేలన్న లెక్క వైద్యులు పెట్టింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన, అడుగులు లెక్కించే ఒక పరికరానికి ‘పదివేల అడుగుల మీటరు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ పేరే క్రమంగా నియమంలా స్థిరపడిపోయింది. అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న 16 వేల మందికి పైగా మహిళలను పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 అడుగులు వేసేవారిలో మరణాల ముప్పు గణనీయంగా తక్కువగా కనిపించింది. 7,500 దాటాక అదనపు మేలు పెద్దగా తేలలేదు. దానికి నడక ఒక్కటే కారణమని ఇలాంటి అధ్యయనాలు రుజువు చేయలేవు గానీ, మీ అబ్బాయిగారికి చూపించడానికి ఈ అంకెలు చాలు.

కాబట్టి మీరిప్పుడు నడుస్తున్న 2,500 నుంచే మొదలుపెట్టండి. మధ్యాహ్నం, రాత్రి భోజనం ముగిసిన కాసేపటికి పదేసి నిమిషాలు నడిస్తే సుమారు రెండు వేల అడుగులు కలుస్తాయి; పైగా తిన్న తర్వాత పెరిగే చక్కెరను కండరాలు అప్పుడే వాడుకుంటాయి గనుక, షుగర్ ఉన్నవారికి పొద్దుటి ఒక్క నడకకంటే ఇలా విడివిడిగా నడవడమే నా దృష్టిలో మేలు. మధ్యాహ్నం నడక ఇంట్లో వరండాలోనే సరిపోతుంది, కత్తిరి ఎండల్లో వీధిలోకి వెళ్లనక్కర్లేదు. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం ఉంటే చాలు. రెండు వారాలు గడిచాక నిమిషాలు పెంచుకోండి.

మోకాళ్ల నొప్పి నడక మానేయడానికి కారణం కాదు. నడిచేటప్పుడు కొద్దిగా నొప్పి ఉన్నా ఫర్వాలేదు. మర్నాటికీ తగ్గకపోయినా, మోకాలు వాచినా దూరం తగ్గించండి. మెరీనా ఇసుకలో కాళ్లు దిగబడి మోకాళ్లపై భారం పెరుగుతుంది గనుక, లజ్‌లోని నాగేశ్వరరావు పార్కులాంటి చదునైన బాట మంచిది. (అమృతాంజనం స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే ఆ పార్కుకు పెట్టారు, నొప్పులున్న తెలుగువారికి తగిన చోటే!) వారంలో మూడు రోజులు, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. తొడ కండరాలు బలపడితే మోకాళ్లకు ఉపశమనం దొరుకుతుంది.

హవాయి చెప్పులతో నడవకండి. అరికాళ్లలో తిమ్మిరి ఉంటే పుండు పడినా తెలియదు, అందుకే రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి. మీరు వాడే మాత్రల పేర్లు రాయలేదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటివైతే పరగడుపున ఎక్కువసేపు నడిచినప్పుడు చక్కెర పడిపోవచ్చు గనుక, కొద్దిగా గ్లూకోజు దగ్గర ఉంచుకోండి. నడుస్తుండగా ఛాతీలో బరువుగా అనిపించినా, అలవాటు లేని ఆయాసం వచ్చినా వెంటనే ఆగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. పిక్కలు పట్టేసినట్లు నొప్పి వచ్చి, నిలబడగానే తగ్గుతుంటే అది కాళ్ల రక్తనాళాలు సన్నబడిన సూచన కావచ్చు. మోకాళ్ల నొప్పిలో భాగమనుకోకుండా, ఎంత దూరం నడిచాక వస్తోందో గుర్తుపెట్టుకుని మీ వైద్యునికి చెప్పండి.