దిగేముందు పావుగంట కూర్చో

చి. కిట్టుకి, మామయ్య ఆశీస్సులు.

కార్తీక పౌర్ణమికి ఫ్రెండ్స్‌తో వైజాగ్ వస్తామని, సముద్ర స్నానం చేస్తామని అన్నావట. రండి. నువ్వు మీ తాతగారి మోటబావిలో ఈత నేర్చినవాడివి కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈత రానివాడు మోకాలి లోతు దగ్గర ఆగిపోతాడు. నా టెన్షన్ అంతా ఈత వచ్చినవాడి గురించే.

ఒడ్డుకు రాగానే చొక్కా విప్పకు. కాస్త ఎత్తు చూసుకుని పావుగంట కూర్చో. కెరటాలన్నీ ఒక్కలా రావు. కాసేపు చిన్నవి వచ్చి, ఉన్నట్టుండి నాలుగైదు పెద్దవి వరసగా వస్తాయి. రెండు నిమిషాలు చూసి దిగేవాడికి ఈ పెద్దవాటి సంగతి తెలీదు. ఇంకా ముఖ్యమైనది, అటూ ఇటూ నీళ్లు తెల్లగా విరిగిపడుతుంటే మధ్యలో ఒక పాయ మాత్రం నున్నగా, కాస్త బురద రంగులో కనిపిస్తుంది. నురగా, చెత్తా అందులోంచి లోపలికి పోతుంటాయి. కొత్తవాళ్లు అక్కడ సముద్రం నెమ్మదిగా ఉందనుకుని సరిగ్గా అక్కడే పిల్లల్ని దింపుతారు! కెరటాలు ఒడ్డుకు తోసిన నీళ్లు, అడుగున ఇసుక మేటల మధ్య సందు చూసుకుని వెనక్కి వెళ్లే దారి అది. రిప్ కరెంట్ అంటారు. జోరు మీదున్నప్పుడు సెకనుకు 2 మీటర్లు దాటి లాగుతుంది. ఒలింపిక్స్ ఈతగాళ్లకైనా ఎదురీదడం కష్టమే.

ఇరవై ఏళ్ల వయసులో భీమిలి దగ్గర నేను అలాంటి పాయలోనే దిగాను. ఈదేకొద్దీ ఒడ్డు దూరమైపోయింది. వల సర్దుకుంటున్న జాలరి పెద్దాయన ఒకాయన "పక్కకి, పక్కకి" అని చేత్తో సైగ చేశాడు. ఒడ్డు వెంబడే అడ్డంగా యాభై గజాలు ఈదేసరికి లాగుడు వదిలేసింది. తర్వాత కెరటమే తెచ్చి ఇసుకలో పడేసింది. ఓపిక లేకపోతే ఈదక్కర్లేదు, వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తు. ఆ పాయ దూరంగా తీసుకుపోతుందే గానీ అడుగుకి లాగదు. మీ అమ్మకి ఈ సంగతి ఇప్పటికీ తెలీదు, చెప్పకు.

పౌర్ణమికి, అమావాస్యకి పోటు, ఆటు రెండూ ఎక్కువే. మన దగ్గర తేడా మీటరున్నర దాకా ఉంటుంది. నీళ్లు బాగా వెనక్కి తీసిన వేళ ఆ పాయల లాగుడు పెరుగుతుంది. పైగా ఇవి తుపాను నెలలు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న. వాయుగుండం ఎక్కడో బంగాళాఖాతం నడిమధ్య ఉంటే ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది, కెరటాలు మాత్రం ఎత్తు పెరుగుతాయి. అందుకే బయల్దేరేముందు, సముద్రం సంగతులు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే హెచ్చరికలు చూడు (ఆ ఆఫీసు సముద్రం లేని మీ హైదరాబాద్‌లోనే ఉంది మరి). పోర్టులో ఏ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసినా ఆ రోజు మురీ మిక్చర్ తిని వచ్చెయ్యండి.

ఈ నెలల్లో నీళ్లు సాధారణంగా హార్బర్ వైపు పక్కకి నెడుతుంటాయి. మధ్యమధ్యలో తలతిప్పి ఒడ్డున నీ చెప్పులు ఎక్కడున్నాయో చూసుకో, ఎంత పక్కకి జరిగావో తెలుస్తుంది.

వాన పడితే రెండు మూడు రోజులు గెడ్డలు (వాగులు) సముద్రంలో కలిసేచోట అసలు దిగొద్దు. ఊళ్లో మురుగంతా అందులోనే వస్తుంది. నీళ్లు తేటగా కనిపించినా కడుపు పాడవుతుంది, చెవి పోటెత్తుతుంది. రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూఫ్లాగ్ ఇచ్చారు, శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. ఆ గుర్తింపు ఉండాలంటే నీళ్లు ఎప్పటికప్పుడు పరీక్ష చేయించాలి. లైఫ్‌గార్డులు ఉంటారు కాబట్టి మిమ్మల్ని అక్కడికే తీసుకెళ్తాను. ఎర్ర జెండా ఉంటే దిగేది లేదు. యారాడ బీచ్ చాలా అందంగా ఉంటుంది, ఒడ్డున కూర్చుని చూద్దాం, అంతే. బీరు తాగినవాడు మాత్రం ఎక్కడా నీళ్లలో కాలు పెట్టకూడదు, ముందే చెబుతున్నా.

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకే దూకకండిరా. తేలేది ఏదైనా విసరండి. మూత బిగించిన ఖాళీ నూనె డబ్బాకి తాడు కట్టి నేను తెస్తాను. మీరు మొత్తం ఎంతమందో చెప్పు, అత్తయ్య వంట లెక్క చూసుకోవాలట.

మీ మామయ్య