ఏఆర్ అద్దాలతో బయాప్సీ సూది ఒక్కసారికే దిగుతుందా?

డాక్టరు ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ) అద్దాలు పెట్టుకుంటే లోపలి గడ్డ ఒంటి మీదే బొమ్మలా కనబడుతుందట, పరీక్షల్లో సూది గురి తప్పలేదట, నాన్న ఊపిరితిత్తి బయాప్సీ (సూదితో గడ్డ ముక్క తీసే పరీక్ష) అలా చేయించొచ్చా అని ఒకరు అడిగారు. నేను నల్గొండలో సీటీ టెక్నీషియన్‌ని. ముందు ఆ పరీక్షలు దేని మీద చేశారో చూడండి. చాలావరకు మనిషి ఒంటికి బదులు పెట్టే జెల్ దిమ్మల మీదే చేస్తారు. జెల్ దిమ్మ దమ్ము తీసుకోదు, దగ్గదు.

మర్రిగూడ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఫ్లోరైడ్ నీళ్లకు నడుము వంగిపోయింది, మెడ తిరగదు. కుడి ఊపిరితిత్తి అడుగున రెండు సెంటీమీటర్ల గడ్డ. బోర్లా పడుకోలేడు కాబట్టి పక్కకు తిప్పి, మోకాళ్ల మధ్య దిండ్లు పెట్టాం. వీపు మీద గీతల స్టిక్కర్ అంటించి, స్కాన్ చూసి, మార్కర్‌తో చుక్క పెట్టాం. మిషన్‌లోని గొంతు "శ్వాస తీసుకొని ఆపండి" అంది. "ఏమంటుంది బిడ్డా?" అని ఆయన మాట్లాడాడు, ఆ స్కాన్ పాడైంది. మా దగ్గర శ్వాస అని ఎవరంటారు? దమ్ము అంటారు. ఆ ఒక్క మాట రికార్డు చేయడానికి ఐదు నిమిషాలు పట్టదు. సంతకం పెట్టించుకునే కాగితం కూడా ఇంగ్లీషులోనే ఉంటుంది. నాకు దీని మీద చాలా కోపం.

డాక్టరు సార్ రెండుసార్లు సూది పెట్టారు, రెండుసార్లూ గడ్డ పక్కకు పోయింది. ఒకసారి నిండా దమ్ము, ఇంకోసారి సగం. ఊపిరితిత్తి అడుగుభాగం దమ్ముతో ఒకటి రెండు సెంటీమీటర్లు ఇట్టే కదులుతుంది. అప్పుడు ఆయన కడుపు మీద చెయ్యి పెట్టి "పెద్దయ్యా, గింతనే పట్టు" అని ఐదారుసార్లు చేయించాను. మూడోసారి ముక్క వచ్చింది. నేను స్కాన్ కోసం బయటికి పోయి వచ్చిన ప్రతిసారీ ఆయన చెయ్యి నా అంగీ కొస కోసం వెతికేది.

ఏఆర్ అద్దాల్లో కనబడేది సాధారణంగా ముందు తీసిన స్కానే. ఒంటి మీది గుర్తులను బట్టి దాన్ని కూర్చోబెడతారు. గుర్తులు చర్మం మీద, గడ్డ లోపల. సూది ఏ కోణంలో దించాలో చూపడానికి అది మంచి సాయమే. కానీ నడుము వంగినవాళ్ల మీద, దగ్గు ఆగనివాళ్ల మీద పరీక్షించాలి. ఎన్ని మిల్లీమీటర్లు తప్పిందో చెబితే చాలదు. సూది ఎన్నిసార్లు వెనక్కి తీశారో, ఎందరికి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందో కూడా చెప్పాలి. ఇలాంటి ప్రయోగాల్లో బాగా వాడిన మైక్రోసాఫ్ట్ ఏఆర్ అద్దాలు హోలోలెన్స్ 2 వచ్చింది 2019లో, తయారీ 2024లోనే ఆగిపోయింది. రేపు అది చెడిపోతే కొత్తది ఎక్కడ దొరుకుతుంది?

అద్దాల సంగతి తర్వాత. బయాప్సీకి ముందురోజు రాత్రి నాన్న కడుపు మీద చెయ్యి పెట్టి, ప్రతిసారీ ఒకే కొలతలో దమ్ము పట్టడం పదిసార్లు చేయించండి.