'నార్త్ అండ్ సౌత్': 6 భాగాలైనా యుద్ధం రాలేదంటే

అమెరికా టీవీ సీరియల్ 'నార్త్ అండ్ సౌత్' 6 భాగాలూ అమ్మగారికి చూపించినా యుద్ధం రాలేదనీ, మిగతాది వెతికితే నూలు మిల్లు కథేదో తగిలిందనీ అడిగారు కదా. మీ దగ్గరున్నది మొదటి పుస్తకమేనండి (ఈ సీరియల్లో ఒక్కో విడతను 'బుక్', అంటే పుస్తకం అంటారు). 1985 నాటి ఆ సీరియల్ 1861లో, అమెరికా అంతర్యుద్ధం మొదలయ్యే చోట ఆగిపోతుంది. కావలిలో మీ అమ్మగారు 'యుద్ధమేదిరా' అని అడగడం న్యాయమే.

1. యుద్ధమంతా 1986లో వచ్చిన రెండో పుస్తకంలో ఉంది. అదీ 6 భాగాలే.

2. అందరూ పొరబడేది ఇక్కడే. ఉత్త పేరు కొట్టి వెతికితే 2004 నాటి బ్రిటిష్ సీరియల్ వస్తుంది. మీకు తగిలిన నూలు మిల్లు కథ అదే, దీనికీ దానికీ సంబంధం లేదు. పేరు పక్కన 'బుక్ టూ', 1986 అని కొట్టండి. నటుల్లో ప్యాట్రిక్ స్వేజీ ఉంటేనే పెట్టండి.

3. కథలోని రెండు కుటుంబాలూ అమ్మగారికి కలగాపులగం అవుతుంటే: హజార్డ్‌లది పెన్సిల్వేనియా, ఇనుము కార్ఖానా. మెయిన్‌లది దక్షిణ కరోలినా, బానిసలతో సాగే తోట.

1994 నాటి మూడోది ముందే పెట్టకండి, రెండోదాని రుచి పోతుంది.