రాజస్థాన్ ఎడారి ప్రాంతపు మ్యాపులు, భౌగోళిక సమాచారం ఉచితంగా ఎక్కడ దొరుకుతాయి?

ముందుగా కేంద్ర ప్రభుత్వ మ్యాపుల సంస్థ సర్వే ఆఫ్ ఇండియా వారి టోపోషీట్లు (నేల ఎత్తుపల్లాలు, వాగులు, దారులు చూపే పటాలు) చూడండి. 1:50,000 స్కేలులో ఉన్న ఓపెన్ సిరీస్ మ్యాపులను ఆ సంస్థ పోర్టల్‌లో నమోదు చేసుకుని పీడీఎఫ్‌గా దించుకోవచ్చు. ఎడారి షీట్లు చదవడానికి కొంచెం అలవాటు కావాలి. ఇసుక దిబ్బ పక్కన '10r' అని ఉంటే, అది చుట్టూ ఉన్న నేలకంటే 10 మీటర్ల ఎత్తని అర్థం. సముద్రమట్టం నుంచి కాదు. వాగులు మధ్యలోనే ఆగిపోయినట్లు కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి, నీరు నిజంగానే ఇసుకలో ఇంకిపోతుంది.

అయితే దిబ్బలు గాలికి కదులుతాయి, షీటు మాత్రం సర్వే చేసిన నాటిదే. అందుకని ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టుకోవడం తప్పనిసరి అంటాను. యూరప్ ఉపగ్రహాలైన సెంటినెల్-2 చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో (చిత్రంలో ఒక్కో చుక్క నేలమీద 10 మీటర్లు) ఉచితం. మన హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం) నడిపే భువన్ పోర్టల్‌లో భూవినియోగ పటాలు, దాదాపు 30 మీటర్ల స్పష్టతతో కార్టోడెమ్ అనే నేల ఎత్తుల డేటా ఉన్నాయి. జైసల్మేర్ లాంటి చోట ఆ డేటాలో చిన్న దిబ్బలు కలిసిపోతాయి. పెద్ద వరుసలకైతే సరిపోతుంది.

శిలలు, ఖనిజాల పటాలకు జీఎస్‌ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) వారి భూకోశ్ పోర్టల్ ఉంది. పొలం హద్దులు కావాలంటే రాష్ట్ర ప్రభుత్వ భూనక్షా వెబ్‌సైటులో ఖస్రా నంబరుతో (మన సర్వే నంబరు లాంటిది) వెతకండి. యజమాని వివరాలు అప్నా ఖాతా అనే భూరికార్డుల వెబ్‌సైటులో విడిగా ఉంటాయి. దేశ సరిహద్దు దగ్గరి ప్రాంతాలకు కొన్ని షీట్లు దొరకకపోవచ్చు.