భూగర్భజలంలో కలిసిన క్లోరిన్ ద్రావకాలను బ్యాక్టీరియా శుభ్రం చేయగలదా?

చేయగలదు, కానీ చాలావరకు ఆ నీటిలో ఆక్సిజన్ దాదాపు లేకుండా ఉండి, సరైన రకం బ్యాక్టీరియా ఉన్నప్పుడే. అదీ ఏళ్లు, ఒక్కోసారి దశాబ్దాలు పట్టే పని.

ఈ బ్యాక్టీరియా ద్రావకాన్ని తినదు, దాంతో శ్వాసిస్తుంది. మనం ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లను చివరికి ఆక్సిజన్‌కు అప్పగిస్తాం కదా, ఇది హైడ్రోజన్ నుంచి తీసుకున్న ఎలక్ట్రాన్లను ద్రావకానికి అప్పగిస్తుంది. అలా చేసిన ప్రతిసారీ ద్రావకం నుంచి ఒక క్లోరిన్ ఊడి, ఆ చోటులో హైడ్రోజన్ చేరుతుంది. కావలసిన హైడ్రోజన్ నేలలోని సేంద్రియ పదార్థం కుళ్లినప్పుడు పుడుతుంది.

డ్రైక్లీనింగ్‌లో వాడే టెట్రాక్లోరోఈథిలీన్‌నే తీసుకోండి. దానికి 4 క్లోరిన్లు. ఒకటి పోతే ట్రైక్లోరోఈథిలీన్, ఇంకోటి పోతే డైక్లోరోఈథిలీన్, తర్వాత వినైల్ క్లోరైడ్, చివరికి క్లోరినే లేని ఈథీన్. మొదటి రెండు మెట్లు చాలా రకాల బ్యాక్టీరియా దిగగలదు. ఈథీన్ దాకా తీసుకెళ్లేది మాత్రం ప్రధానంగా డీహాలోకోకాయిడిస్ అనే రకమే. అది లేని చోట పని తరచూ డైక్లోరోఈథిలీన్ దగ్గరే ఆగిపోతుంది.

అసలు ద్రావకం తగ్గింది కాబట్టి నీళ్లు బాగుపడ్డాయని అనుకోవడం అందరూ చేసే పొరపాటు. మధ్యలో పుట్టే వినైల్ క్లోరైడ్ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థం, అంటే కొంతకాలం ముప్పు పెరగొచ్చు కూడా. అందుకే పరీక్షల్లో మధ్య పదార్థాలన్నిటినీ, ఈథీన్‌నూ కలిపి కొలుస్తారు.