జర్మనీ నుంచి తిరిగొచ్చాక మా ఇల్లే నాకు కొత్తగా ఉంది

ప్రశ్న: నాకు పదిహేడేళ్లు. మాది హిందూపురం. నాన్న ఉద్యోగం వల్ల బెంగళూరులో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉంటున్నాం. పదో తరగతి తర్వాత స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ కింద పది నెలలు జర్మనీలో, హాంబర్గ్ దగ్గర ఒక చిన్న ఊళ్లో చదువుకున్నాను. మొదటి హోస్ట్ ఫ్యామిలీతో కుదరక మూడు నెలలకే ఇల్లు మారాను. నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి మరీ పంపారు కాబట్టి ఆ సంగతి చెప్పలేక, వాళ్లింట్లో మరమ్మతులని అబద్ధం చెప్పాను. ఇప్పుడు నా స్నేహితులు పన్నెండులో ఉంటే నేను పదకొండులో కూర్చుంటున్నాను. చుట్టాలొస్తే జర్మన్ మాట్లాడి చూపించమంటారు నాన్న. ఇక్కడిదేదీ నీకు నచ్చడం లేదంటుంది అమ్మ. నేను గది తలుపు వేసుకుంటే అవ్వ ఏడుస్తుంది. నేను నిజంగా అంత మారిపోయానా?

జవాబు: అమ్మా, పది నెలలు పరాయి ఇంట్లో, పరాయి భాషలో బతికి వచ్చిన పిల్ల మారకుండా ఉంటేనే ఆశ్చర్యపడాలి. మారావు, అందులో తప్పేమీ లేదు. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ ప్రశ్నకన్నా, మరమ్మతుల గురించి ఒక్క వాక్యంలో చెప్పి నువ్వు దాటవేసిన మాట. నువ్వు పంపిన ఫొటోలలో ఉన్నంత జర్మనీయే మీవాళ్లకు తెలుసు. ఆ ఫొటోలకు ముందు నువ్వు పడిన మూడు నెలల కష్టం వాళ్లకు తెలియదు. అందుకే ఈనాటి నీ మౌనం వాళ్లకు పొగరుగానూ, వాళ్ల సంతోషం నీకు భారంగానూ కనిపిస్తున్నాయని నా అభిప్రాయం.

తిరిగొచ్చాక కలిగే ఈ అయోమయం నీ ఒక్కదానిది కాదు. అమెరికాలో చదువుకుని వచ్చిన నార్వే దేశస్థులను పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లిస్గార్డ్, మొదట ఉత్సాహం, తర్వాత కుంగుబాటు, ఆపైన కుదురు అనే క్రమాన్ని 1955లో వివరించారు. సొంత దేశానికి చేరాక అదే క్రమం మరొకసారి వస్తుందని 1963లో గల్లహార్న్ దంపతులు రాశారు. ఇది అందరికీ ఒకేలా వర్తించదని తర్వాతి పరిశోధకులు అభ్యంతరం చెప్పారు, అదీ సరైనదే. కొందరికి వెళ్లిన తొలి వారాలే అన్నిటికన్నా కష్టంగా గడుస్తాయి. నీకూ అలాగే జరిగినట్టుంది.

ముందుగా ఒక విషయం సూటిగా అడగాలి. ఆ మొదటి ఇంట్లో ఎవరైనా నిన్ను తాకకూడని విధంగా తాకడం, బెదిరించడం, తిండి పెట్టకపోవడం, ఫోనో పాస్‌పోర్టో లాక్కోవడం వంటిది ఏదైనా జరిగిందా? జరిగి ఉంటే అందులో నీ తప్పు రవ్వంత కూడా లేదు. ఈ జవాబులో మిగతాది చదివే ముందే అమ్మకు చెప్పు. చెప్పలేకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చెయ్యి. నిన్ను పంపిన సంస్థకు కూడా రాతపూర్వకంగా తెలియజేయాలి, ఎందుకంటే అదే ఇంటికి వచ్చే ఏడాది మరో పిల్లను పంపవచ్చు.

అలాంటిదేమీ లేక, కేవలం పొసగకపోవడమే అయితే, అది ఈ కార్యక్రమాలలో తరచుగా జరిగేదే. స్థానిక కోఆర్డినేటర్ అనే మనిషిని పెట్టేదే ఇందుకు. కొత్త దేశంలో, సరిగా రాని భాషలో, ఇక్కడ నేను ఉండలేనని పెద్దవాళ్లకు చెప్పి ఇల్లు మార్పించుకున్నావు. దాన్ని నువ్వు ఓటమిగా దాచిపెట్టావు. నా దృష్టిలో ఆ పది నెలలలో నువ్వు చేసిన పనులన్నిటిలోకీ ధైర్యమైనది అదే, మీ నాన్నగారు చుట్టాల ముందు గర్వంగా చెప్పుకోదగినదీ అదే.

చెప్పేటప్పుడు ఆ కుటుంబం మంచిదా చెడ్డదా అని తీర్పుతో మొదలుపెట్టకు, నీ రోజు ఎలా గడిచిందో చెప్పు. అక్టోబరు చివరి ఆదివారం అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారని, దాంతో మనకూ వాళ్లకూ మధ్య తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నరకు పెరుగుతుందని ఇంట్లో ఎంతమందికి తెలుసు? ఆరున్నరకు చల్లని రొట్టె, చీజ్ తిని నువ్వు గదిలోకి వచ్చేసరికి ఇక్కడ రాత్రి పదకొండు దాటి ఉంటుంది, అమ్మ నిద్రమత్తులో రెండు మాటలు మాట్లాడి పెట్టేసి ఉంటుంది. డిసెంబరు వచ్చేసరికి ఆ వైపు సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకుతుంది. అక్కడి బడులలో రాతపరీక్షతో పాటు తరగతిలో నోరు విప్పి మాట్లాడినందుకు కూడా మార్కులుంటాయి. ఇక్కడ శ్రద్ధగా, మౌనంగా వినడమే మంచి విద్యార్థి లక్షణమని నేర్చుకుని వెళ్లిన నువ్వు అక్కడ మొద్దుదానిలా కూర్చోవలసి వచ్చి ఉంటుంది. ఇలాంటి వివరాలు విన్న తల్లిదండ్రులకు కోపం రావడం అరుదు.

ఎదురెదురుగా కూర్చుని చెప్పడం కష్టమైతే ఆదివారం పొద్దున నాన్నతో అగర చెరువు గట్టు మీద నడుస్తూ చెప్పు. అబద్ధం చెప్పాననీ, డబ్బు వృథా అయిందని బాధపడతారేమోనని భయపడ్డాననీ ఉన్నదున్నట్టు చెప్పు. ఆయన ఓ పూట ముభావంగా ఉన్నా తట్టుకో.

అవ్వ సంగతికి ఆ పాటి ఏర్పాటు కూడా అక్కరలేదు. జర్మనీలో చాలా ఇళ్లలో గది తలుపు వేసి ఉండటం మామూలు విషయం, దానికి అలకతో సంబంధం లేదు. మన ఇళ్లలో పగటిపూట తలుపు వేసుకున్నారంటే ఎవరో ఎవరిమీదో అలిగారనే అర్థం. పదేళ్లు నీ పక్కన పడుకున్న మనిషి దాన్ని ఇంకోలా ఎలా తీసుకుంటుంది? ఒంటరిగా ఉండే సమయం నీకు కావాలి, అది న్యాయమైన కోరికే. చదువుకునే ఒకటి రెండు గంటలు తలుపు వేసుకుంటానని ముందే ఆమెకు చెప్పు, మిగతాసేపు తెరిచి ఉంచు. రాత్రి సంగటి ముద్దా ఊరిబిండీ ఆమె పక్కన కూర్చుని తిను. అక్కడ ఆకలేసినప్పుడు ఏం తలుచుకున్నావో ఆమెకు చెప్పు, ఆమె వింటుంది.

ఈ భాగం మీ నాన్నగారికి చూపించు. అయ్యా, మీ అమ్మాయి జర్మన్ నేర్చుకున్నందుకు మీరు సంతోషించడం సహజం. కానీ చుట్టాల ముందు అడిగి మాట్లాడించినప్పుడల్లా, ఆ ఏడాది తనకు ఎంత ఆనందంగా గడిచిందో మళ్లీ మళ్లీ నిరూపించవలసిన బాధ్యత ఆమె మీద పడుతోంది. దయచేసి దాన్ని కొన్నాళ్లు ఆపండి. ఖర్చు గురించి ఆమె అడగకపోయినా, ఆ డబ్బును మీరు అప్పుగా లెక్కపెట్టుకోవడం లేదని ఒకసారి నోటితో చెప్పండి.

అమ్మా, తరగతి విషయం ప్రస్తుతం పెద్దదిగా కనిపిస్తుంది గానీ, చదువుకు అది అడ్డం కాదు. జేఈఈ మెయిన్‌కు వయోపరిమితి లేదు, నీట్‌కు పై వయసు హద్దు లేదు. పాత స్నేహితులకు ఈ ఏడాది బోర్డు పరీక్షల ఒత్తిడి ఉంటుంది, వాళ్లు తీరిక లేదంటే దూరం పెట్టారనుకోకు. కొత్త తరగతిలో ఒక్కరితోనైనా కలిసి మధ్యాహ్నం డబ్బా తినడం మొదలుపెట్టు. భాషను మాత్రం వదలకు. ఇందిరానగర్‌లో జర్మన్ నేర్పే సంస్థ మ్యాక్స్‌ముల్లర్ భవన్‌లో తరగతులూ పరీక్షలూ రెండూ ఉన్నాయి. అక్కడికి వెళితే, జర్మన్‌ను ప్రదర్శించాల్సిన పని లేకుండా మాట్లాడుకోగల మనుషులు నీకు దొరుకుతారు.

ఇవన్నీ చేశాక కూడా రెండు మూడు వారాలపాటు నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం కొనసాగితే ఆలస్యం చేయకు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీరు ఉన్నది బెంగళూరులోనే కాబట్టి నిమ్హాన్స్‌లో పిల్లల, కౌమార మనోవైద్య విభాగానికి అమ్మను తోడు తీసుకుని వెళ్లవచ్చు. బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా వారాలు ఆగవద్దు, ఆ రాత్రే ఇంట్లో ఒకరిని నిద్రలేపి చెప్పు.