అరుదనుకున్న డాలర్లు, ఆగని కార్డు వడ్డీ

న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు రాశారు: ‘హెచ్‌1బీ మీద ఉన్నాను. 1986 నాటి స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ వెండి డాలర్లు పెట్టెలు, సర్టిఫికెట్లతో సహా 6,000 డాలర్లు పెట్టి కొన్నాను. అంతా క్రెడిట్ కార్డు మీదే. వడ్డీ 24 శాతం, మినిమం కడుతున్నాను. అరుదైనవి, పాప కాలేజీ నాటికి రేటు బాగా పెరుగుతుందని అమ్మినాయన అన్నాడు. బ్యాంకులో నెలన్నర ఖర్చుకు సరిపడా ఉంది. ఇంకొన్ని కొనమంటారా?’

వద్దండీ. ఉన్నవాటిలో కూడా ఒక్కటి ఉంచుకుని మిగతావి అమ్మేయండి.

నాణెం అందమైనదే, కాదనను. అమెరికా టంకశాల శిల్పి జాన్ మెర్కాంటి పనితనం. ఒకవైపు దివిటీ ఎత్తిన లిబర్టీ, ఆమె వెనకాల ఒకప్పుడు వలస వచ్చినవాళ్లు దిగిన ఎల్లిస్ ఐలాండ్ భవనం. రెండోవైపు దివిటీ పట్టిన చెయ్యి, పక్కన ఆ విగ్రహం మీద ఎమ్మా లాజరస్ రాసిన కవితలోంచి నాలుగు మాటలు: అలసినవాళ్లను, పేదవాళ్లను నా దగ్గరికి పంపండి అని. పరాయి దేశం వచ్చినవాళ్లకు అది చూస్తే మనసు కరగదా మరి! కానీ అరుదు ఎక్కడిది? ప్రూఫ్ నాణేలే, అంటే దాచుకునేవాళ్ల కోసం అద్దంలా మెరిసేలా కొట్టినవే, 64 లక్షలకు పైగా ఉన్నాయి. ఒక్కో డాలరు మీద 7 డాలర్లు విగ్రహం, ఎల్లిస్ ఐలాండ్ బాగుచేతకు పోయేలా అమ్మారు. కొన్నవాళ్లు మీలాగే పెట్టెల్లో భద్రంగా దాచారు. అందుకే డీలరు తూకమే చూస్తాడు: 26.73 గ్రాములు, 90 శాతం వెండి. పెట్టెకు, కాగితానికి మీరిచ్చింది తిరిగి రాదు.

తక్కువ కొట్టినవైనా ఎగబడి కొన్నారా అంటే అదీ లేదు. అమెరికా మొదటి స్మారక డాలరు, 1900 నాటి లఫాయెట్, 50 వేలు కొట్టి రెండేసి డాలర్లకు అమ్మకానికి పెట్టారు. సుమారు 14 వేలు మిగిలిపోతే చివరికి కరిగించేశారు. ఇవాళ దానికి మంచి ధరే ఉంది, అయితే అందుకు తరాలు పట్టింది. మీకేమో నెలకు 120 డాలర్ల వడ్డీ పడుతోంది. అప్పు చేసి నాణేలు కొనడమేమిటండీ?

నాకు అసలు టెన్షన్ ఆ నెలన్నర గురించి. ఉద్యోగం పోతే ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి మీకుండేది గరిష్ఠంగా 60 రోజులు. అద్దె ఆగదు. ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్‌ను కోబ్రా అనే చట్టం కింద కొనసాగించాలంటే ప్రీమియం మొత్తం మీ జేబులోంచే. లిబర్టీ డాలరు చెల్లుబాటయ్యే డబ్బే కదా అని అద్దె కింద ఇస్తే, చట్టం లెక్కలో దాని విలువ అక్షరాలా ఒక్క డాలరు! కార్డు అప్పు తీరగానే ఆరు నెలల ఖర్చు, ఇండియాకు అందరి టికెట్లతో సహా, సేవింగ్స్ ఖాతాలో పడాలి. అది పూర్తయ్యేదాకా ఇంకే పెట్టుబడీ వద్దు. పాప చదువుకు దాచే 529 ఖాతా, ఇండెక్స్ ఫండ్లు ఆ తర్వాత.

ముగ్గురు డీలర్లకు ఫోన్ చేసి, ఆ రోజు వెండి ధర మీద ఎంతిస్తారో అడగండి. వచ్చిందంతా అదే రోజు కార్డుకు కట్టండి.